డబ్బులు ముందే వచ్చినా వస్తువు ఎందుకు రాదు? – క్రౌడ్‌ఫండింగ్ గ్యాడ్జెట్ల లెక్క

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి తెలుసు, మధ్యలో నేను ఓ పావుగంట కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. "డ్రైవ్ చేస్తూ వింటాం, అంకెలు గుర్తుండవు, ఎక్కడైనా రాసి పెట్టండి" అని చాలామంది మెసేజ్ పెట్టారు. అందుకే ఈ పోస్టు. సంభాషణలో లెక్కలున్న ముక్క మాత్రం ఇక్కడ ఇస్తున్నాను. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా ఉంది.

ఇదంతా ఎక్కడ మొదలైందో ముందు చెబుతాను. మస్కట్‌లో నాకో మిత్రుడున్నాడు. నెల్లూరు వైపు కుర్రాడు, ఘలాలో ఓ కంపెనీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. నన్ను అన్నా అంటాడు. వాళ్ల బిల్డింగ్‌లో నీళ్లు అయిపోయిన సంగతి ఎప్పుడూ ఎవరో ఒకరు తలకి షాంపూ పెట్టుకున్నాకే తెలుస్తుంది. అప్పుడు నాటూర్‌కి ఫోన్, నాటూర్ ట్యాంకర్‌కి ఫోన్, ట్యాంకర్ వచ్చేసరికి మధ్యాహ్నం. విసిగిపోయి మావాడు ఓ చిన్న పరికరం చేశాడు. మేడ మీద ట్యాంకు మూతకి బిగిస్తే, నీళ్లు ఎంతున్నాయో ఫోన్‌కి చెబుతుంది. పనిచేసింది. పక్క ఫ్లాట్ వాళ్లు అడిగారు, ఆఫీసులో వాళ్లు అడిగారు. ఇక మనవాడి మనసు ఆగలేదు.

"అన్నా, క్రౌడ్‌ఫండింగ్ పెడతా. ఉద్యోగం మానేస్తా. గ్రాట్యుటీ డబ్బులు వస్తాయిగా, మొదట్లో అవి చాలు" అన్నాడు.

గల్ఫ్‌లో ఉండేవాళ్లకి ఈ మాటలో ఉన్న బరువు విడిగా చెప్పక్కర్లేదు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. వాడి వెనక భార్య, స్కూలుకెళ్లే పాప, ఊళ్లో సగం కట్టిన ఇల్లు ఉన్నాయి. అందుకే "సూపర్ తమ్ముడూ" అనేసి ఊరుకోలేకపోయాను. ఇద్దరం కూర్చుని చదివాం, లెక్కలేశాం. ఆ చదివిందీ లెక్కేసిందీ ఇదిగో.

ముందు నా చేతి చమురు

కొన్నేళ్ల క్రితం నేనూ ఓ గ్యాడ్జెట్‌కి డబ్బు కట్టాను. జేబులో పట్టే ప్రొజెక్టర్. వీడియోలో గోడంత సినిమా పడుతోంది. ఎనిమిది నెలల్లో పంపుతామన్నారు. మొదట్లో నెలకో అప్‌డేట్ వచ్చేది, తర్వాత మూడు నెలలకొకటి. "మోల్డ్‌లో చిన్న సమస్య", "ఫ్యాక్టరీ మారుస్తున్నాం", "మీ సహనానికి ధన్యవాదాలు". ఆ ధన్యవాదాల తర్వాత ఇక ఏ అప్‌డేటూ రాలేదు. వాళ్ల పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే వాళ్లు దొంగలని నేను అనుకోవడం లేదు. అప్పట్లో అనుకున్నాను. ఈ ఎపిసోడ్‌కి చదివాక అభిప్రాయం మారింది.

మూడు కథలు

కిక్‌స్టార్టర్ 2009లో మొదలైంది. పద్ధతి మీకు తెలిసిందే: వస్తువు ఇంకా తయారు కాకముందే వీడియో చూపించి, జనం దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, తర్వాత చేసి పంపుతారు. దీని చరిత్రలో ఈ మూడు కథలూ తెలిస్తే మిగతావి అర్థమవుతాయి.

మొదటిది జానో. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతానికి చెందిన టార్కింగ్ గ్రూప్ అనే కంపెనీ అరచేతిలో పట్టే డ్రోన్ చేస్తామంది. 2015 జనవరికల్లా 12 వేల మందికి పైగా కలిసి 23 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చారు. అప్పటికి యూరప్‌లో అదే అతి పెద్ద కిక్‌స్టార్టర్ ప్రాజెక్టు. అదే సంవత్సరం నవంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. డ్రోన్ అందినవాళ్లు కొన్ని వందల మందే. అందినవి కూడా గాల్లో సరిగా నిలబడలేదు. అసలేం జరిగిందో తేల్చమని కిక్‌స్టార్టరే మార్క్ హారిస్ అనే జర్నలిస్టుకి డబ్బిచ్చి రాయించింది. ఆయన తేల్చింది స్థూలంగా ఇది: ఇంత పెద్ద పని చేయడానికి కావలసిన సాంకేతిక సామర్థ్యం గానీ, వ్యాపార అనుభవం గానీ వాళ్ల దగ్గర లేవు. వీడియోలో చూపించిన వస్తువు అప్పటికింకా నిజంగా లేదు.

రెండోది కూలెస్ట్ కూలర్. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన రయాన్ గ్రెపర్ ఐస్ బాక్సుకి బ్లెండర్, బ్లూటూత్ స్పీకర్, ఫోన్ చార్జర్ తగిలించాడు. మొదటిసారి చలికాలంలో పెడితే అనుకున్న డబ్బు రాలేదు. 2014 వేసవిలో మళ్లీ పెట్టాడు. అడిగింది 50 వేల డాలర్లు, వచ్చింది కోటీ 32 లక్షలకు పైగా. డబ్బు కట్టినవాళ్లు 62,642 మంది. అంటే సగటున మనిషికి సుమారు 212 డాలర్లు. తీరా చూస్తే అంతలో ఆ డబ్బా చేసి, ఆ బరువు ఇంటికి చేర్చడం కుదరదు. సరుకు తయారయ్యాక కొంత అమెజాన్‌లో ఎక్కువ ధరకి అమ్మారు, ఆ డబ్బుతో మిగతావి చేద్దామని. ముందు డబ్బు కట్టినవాళ్లకి ఒళ్లు మండింది. తర్వాత వాళ్లనే, తొందరగా కావాలంటే ఇంకో 97 డాలర్లు కట్టమన్నారు. వ్యవహారం ఓరెగాన్ రాష్ట్ర న్యాయశాఖ దాకా వెళ్లి, 2017లో ఒప్పందంతో ముగిసింది. 2019 డిసెంబర్‌లో కంపెనీ మూతపడింది. అప్పటికీ దాదాపు 20 వేల మందికి వస్తువు అందలేదు.

మూడోది పెబుల్ వాచీ. ఇది ఓడిపోయిన కథ అంటే కొంతమంది ఒప్పుకోరు. 2012లో ఎరిక్ మిజికోవ్‌స్కీ లక్ష డాలర్లు అడిగితే కోటికి పైగా వచ్చాయి. సెప్టెంబర్ అన్నది 2013 జనవరికి మొదలైంది, కానీ వచ్చింది, బాగుంది. 2015లో రెండో వాచీకి రెండు కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. మొత్తం 20 లక్షలకు పైగా వాచీలు అమ్మారు. అయినా 2016 డిసెంబర్‌లో మూసేసి, సాఫ్ట్‌వేర్, మేధోహక్కులు ఫిట్‌బిట్‌కి అమ్మేశారు. ఈ లోపల ఆపిల్ వాచీ వచ్చింది. పెబుల్ చేసినవన్నీ అమ్ముడుపోలేదు, జీతాలు మాత్రం నెలనెలా నడిచాయి.

ఒకరికి వస్తువు చేయడం రాలేదు. ఒకరికి ధర వేయడం రాలేదు. మూడోవాళ్లకి రెండూ వచ్చాయి, కానీ ఆ తర్వాత వ్యాపారం నిలబడలేదు. నేను చదివిన కథల్లో చాలావరకు ఈ మూడు గోతుల్లో ఏదో ఒకదాంట్లో పడినవే.

మరి అందరూ పడతారా? లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈథన్ మోలిక్ అనే ప్రొఫెసర్ 2015లో చేసిన అధ్యయనం ప్రకారం, డబ్బు సమకూరిన కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల్లో ఇస్తామన్నది ఇవ్వలేకపోయినవి దాదాపు 9 శాతం. అందులో పుస్తకాలు, సంగీతం, సినిమాలు కూడా కలిసే ఉన్నాయి. డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టుల మీద ఆయనే అంతకుముందు చేసిన అధ్యయనంలో, నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పిన తేదీకి ఇవ్వలేదు. హార్డ్‌వేర్‌లో ఆలస్యమే మామూలు అన్నమాట.

ఒక్కటి చేయడం వేరు, వెయ్యి చేయడం వేరు

మళ్లీ మన ట్యాంకు దగ్గరికి వద్దాం. మావాడి పరికరం అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో పనిచేస్తుంది. శబ్దం పంపి, నీటికి తగిలి తిరిగొచ్చే సమయం కొలిచి దూరం లెక్కగడుతుంది. ఫిబ్రవరిలో చేశాడు, బ్రహ్మాండంగా ఉంది. నేనడిగిన మొదటి ప్రశ్న: "జూన్‌లో?"

గాలిలో శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు. డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. మేడ మీద ఎండలో మూత కింద 60 డిగ్రీలు ఉందనుకోండి, అప్పుడు 367. అంటే 7 శాతం తేడా. ఉష్ణోగ్రత కూడా కొలిచి సవరించకపోతే ట్యాంకు లెక్క తప్పుతుంది. అది సాఫ్ట్‌వేర్‌తో తీరే సమస్యే. తీరనివి వేరే ఉన్నాయి. మామూలు లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, మస్కట్ మేడ మీద అది పగలంతా మాట. ట్యాంకు లోపల ఆవిరి సెన్సర్ మీద బొట్లు కడుతుంది. సముద్రపు తేమకి బోర్డు మీద పచ్చటి తుప్పు పడుతుంది. త్రీడీ ప్రింటర్‌లో తీసిన డబ్బా ఎండకి వంగిపోతుంది. వైఫై నాలుగు శ్లాబులు దాటి పైకి రాదు.

చేతితో చేసిన ఒక్క పరికరం పక్కన మనమే ఉంటాం. ఊడితే అతికిస్తాం, హ్యాంగయితే రీస్టార్ట్ చేస్తాం. కొన్నవాడు అలా చేయడు. వాడికది మొదటి రోజు నుంచి, ముట్టుకోకుండా, మూడేళ్లు పనిచేయాలి. అందుకే పద్ధతి తెలిసిన కంపెనీలు నమూనా తర్వాత కనీసం మూడు మెట్లు ఎక్కుతాయి: మొదట డిజైన్ పనిచేస్తోందా అని కొన్ని పదులు, తర్వాత ఎండకీ తేమకీ కింద పడేయడానికీ తట్టుకుంటుందా అని ఇంకొన్ని, చివరికి ఫ్యాక్టరీ లైన్ మీద అదే నాణ్యతతో వస్తోందా అని మరికొన్ని. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి విఫలమై వెనక్కి పంపుతుంది. క్రౌడ్‌ఫండింగ్ వీడియో చాలాసార్లు మొదటి మెట్టు కూడా ఎక్కకముందే తీస్తారు. తేదీ మాత్రం చివరి మెట్టుది చెబుతారు.

లెక్క

ఈ అంకెలు మావాడు తెప్పించుకున్న కొటేషన్లు, మా ఇద్దరి అంచనాలు. అన్నిచోట్లా ఇవే ఉంటాయని కాదు. లెక్క పద్ధతి చూడండి. వెయ్యి మంది, ఒక్కొక్కరు 25 రియాల్స్, అంటే సుమారు 65 డాలర్లు. చేతికొచ్చేది 25,000 రియాల్స్.

- వేదిక ఫీజు, కార్డు చార్జీలు కలిపి 9 శాతం: 2,250
- విడిభాగాలు, బోర్డు బిగింపు, ఒక్కోదానికి 9 చొప్పున: 9,000
- పెట్టె, కేబుల్, కాగితాలు, ఒకటిన్నర చొప్పున: 1,500
- పంపడానికి, సగటున 4 చొప్పున: 4,000
- ప్లాస్టిక్ డబ్బాకి మోల్డ్: 4,000
- రేడియో, భద్రతా పరీక్షలు: 3,000
- నూటికి ఐదు పాడైతే మళ్లీ చేసి పంపడానికి: 725

మొత్తం 24,475. మిగిలింది 525 రియాల్స్. ఇక్కడ ఎపిసోడ్‌లో జరిగిన సంభాషణ ఇది:

నేను: ఐదు వందల ఇరవై ఐదు. ఇందులో నీ ఏడాది జీతం ఎక్కడుంది తమ్ముడూ?

మిత్రుడు: జీతం వేసుకోను అన్నా. మొదటి ఏడాది అంతేగా.

నేను: సరే, వేసుకోకు. మోల్డ్ ఒకసారి తప్పొచ్చి దిద్దాల్సి వస్తే?

మిత్రుడు: ...దానికి గ్రాట్యుటీ ఉంది.

నేను: ఇంటద్దెకి?

మిత్రుడు: దానికీ అదే అన్నా.

నేను: ఒక్క గ్రాట్యుటీ ఎన్నిసార్లు ఖర్చు పెడతావయ్యా!

(ఇద్దరూ నవ్వు. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎడిటింగ్‌లో ఆ ఖాళీ కొంత కత్తిరించాను.)

దుకాణాల్లో అమ్మే వస్తువుకి పాత లెక్కొకటుంది: తయారీ ఖర్చుకి మూడు నాలుగు రెట్లు ధర ఉండాలని. పంపిణీదారుడు, దుకాణదారుడు, వాపసులు, ప్రకటనలు అన్నీ అందులోంచే పోవాలి. మావాడిది తయారీకే పదిన్నర. అంటే ధర ముప్పై పైనే ఉండాలి. కానీ ముందుగా కట్టేవాళ్లకి తగ్గింపు ఇవ్వాలి, లేకపోతే ఎందుకు కడతారు? అలా మొదటి వెయ్యి మందికి, ఖర్చులింకా తెలియని రోజున, అన్నిటికంటే తక్కువ ధరకి మాటిచ్చేస్తాం.

వెయ్యి కాకుండా పది వేలొస్తే? మోల్డ్, పరీక్షల ఖర్చు పంచుకుపోతుంది, నిజమే. కానీ ఒక్కోదాని మీద నష్టం వస్తుంటే ఆ నష్టం పది వేలతో గుణించబడుతుంది. కూలెస్ట్ కూలర్‌కి జరిగింది అదే. యాభై వేలు అడిగితే కోటి వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నిజానికి అది 62 వేల ఇళ్లకి పడ్డ బాకీ.

అడ్వాన్స్ అంటే అప్పే

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పండగ ముందు టైలర్‌ని గుర్తు తెచ్చుకోండి. వచ్చిన ప్రతి జాకెట్టుకీ అడ్వాన్స్ తీసుకుంటాడు. గల్లాపెట్టె నిండుగా కనిపిస్తుంది. ఆ డబ్బుతో ఇంటి ఖర్చు నడిపాడంటే, పండగ ముందు రోజు దారం కొనడానికి కూడా ఉండదు. అప్పుడు మొదలవుతుంది "రేపు రామ్మా".

గల్ఫ్ తెలుగువాళ్లకి చిట్టీ పోలిక ఇంకా బాగా తెలుసు. చిట్టీలో కూడా ముందే డబ్బు కడతాం. కానీ పాడేవాడి ఊరు తెలుసు, హామీ ఎవరో తెలుసు, నడిపేవాడికి కమిషన్ ఎంతో తెలుసు. ఇండియాలో దానికి 1982 నుంచి కేంద్ర చట్టం కూడా ఉంది. అయినా చిట్టీలు మునుగుతాయి. క్రౌడ్‌ఫండింగ్‌లో మీకు వాటా ఉండదు, వడ్డీ ఉండదు, హామీదారు ఉండడు. కిక్‌స్టార్టర్ 2012లోనే, తమది దుకాణం కాదని విడిగా ప్రకటన రాసింది. మనం మాత్రం బుట్టలో వేసి కొన్నట్టే అనుకుంటాం.

వస్తువు చేరాక

ధర బాగుండి, వస్తువు చేరినా పెబుల్ గొయ్యి మిగిలే ఉంటుంది. యాప్ నడపాలి, సర్వర్ అద్దె కట్టాలి, ఫోన్ల కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సరిచేయాలి. కొన్నవాడు మాత్రం ఒక్కసారే డబ్బు ఇచ్చాడు. పైగా వీడియో పెట్టిన రోజే మీ ఆలోచన ప్రపంచమంతా చూస్తుంది. ఇజ్రాయెల్‌కి చెందిన ఒకాయన ఫోన్ కవర్‌లోంచి సెల్ఫీ కర్ర వచ్చే స్టిక్‌బాక్స్‌ని కిక్‌స్టార్టర్‌లో పెడితే, ఆయన తయారీ మొదలుపెట్టకముందే దాని నకళ్లు చైనా సైట్లలో అమ్మకానికొచ్చాయి. ఫ్యాక్టరీ ఉన్నవాడికి మీ వీడియోనే నమూనా.

మన దగ్గర్నుంచి పెట్టాలంటే

కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టగలిగే దేశాల జాబితాలో ఒమన్ లేదు, ఇండియా లేదు. బయట దేశంలో కంపెనీ, బ్యాంకు ఖాతా కావాలి. ఒమన్‌లో 2021లో క్యాపిటల్ మార్కెట్ అథారిటీ క్రౌడ్‌ఫండింగ్ వేదికలకి నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు ఆ సంస్థ స్థానంలో ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ ఉంది. లైసెన్సు ఉన్న వేదిక ద్వారా వ్యాపారాలు డబ్బు సమీకరించుకోవడానికి అది దారి. వాట్సాప్ గ్రూపులో "తలా పాతిక రియాల్స్ వేయండి" అని మొదలుపెట్టడం మాత్రం వద్దే వద్దు. అనుమతి లేకుండా జనం దగ్గర డబ్బు పోగుచేయడాన్ని ఈ దేశం తేలిగ్గా తీసుకోదు.

ఇంకా, వైఫై, బ్లూటూత్ ఉన్న పరికరం ఇక్కడ అమ్మాలంటే టెలికమ్యూనికేషన్స్ రెగ్యులేటరీ అథారిటీ ఆమోదం కావాలి. బయట నుంచి తెస్తే కస్టమ్స్, దాని మీద 5 శాతం వ్యాట్. బ్యాటరీ ఉంటే విమానంలో పంపడానికి విడిగా పరీక్ష పత్రాలు. ఇవేవీ వీడియోలో కనిపించవు.

ఇండియా వైపు చూస్తే హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో రాయదుర్గంలో ప్రారంభమైంది. నమూనా చేయడానికి యంత్రాలు, పరీక్షించడానికి సదుపాయాలు ఒక్కచోటే దొరుకుతాయి. సెలవుకి వెళ్లినప్పుడు చూసి రమ్మని మావాడికి చెప్పాను.

మావాడు ఏం చేశాడంటే

ఉద్యోగం మానలేదు. తన డబ్బుతో ఇరవై పరికరాలు చేతితో చేశాడు. ఎవరి దగ్గరా ముందు పైసా తీసుకోలేదు. "వేసవి దాటాక పనిచేస్తూ ఉంటే డబ్బివ్వండి" అని తెలిసిన ఇళ్ల మీద బిగించాడు. జూలై చివరికి ఆరు చచ్చిపోయాయి. నాలుగింట్లో బ్యాటరీ ఉబ్బింది, రెండింట్లో సెన్సర్ మీద ఉప్పు పేరుకుంది. ఆ ఆరూ విప్పి టేబుల్ మీద పరిచి నన్ను పిలిచాడు. మొహం మాడిపోయి ఉంది.

నేను ఒకటే అడిగాను. "వెయ్యి పంపి ఉంటే ఎన్ని?"

మూడు వందలు. మా లెక్కలో పాడైనవాటికి పెట్టింది యాభైకి. మిగతా రెండు వందల యాభై ఇళ్లకి సమాధానం చెప్పడానికి ఆ మిగులు 525 రియాల్సే ఉండేవి.

ఇప్పుడు బ్యాటరీ తీసేసి కింద నుంచి వైరు లాగాడు. సెన్సర్ మార్చాడు. మిగతా పధ్నాలుగు ఇళ్లవాళ్లు డబ్బిచ్చారు. రెండో విడత యాభై చేస్తున్నాడు. వచ్చే వేసవి కూడా తట్టుకుంటే అప్పుడు జనం దగ్గరికి వెళ్దామంటున్నాడు. ఈసారి చేతిలో ఉండేది కల కాదు, రెండు వేసవుల లెక్క.

మీరు డబ్బు కట్టేముందు

ఎపిసోడ్ చివర్లో చెప్పినవే, మళ్లీ రాస్తున్నాను.

వీడియోలో పనిచేస్తున్న వస్తువు ఉందా, కంప్యూటర్ బొమ్మ ఉందా చూడండి. ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్‌లో చూపించారా? ఆ జట్టు ఇంతకుముందు ఏదైనా తయారుచేసి పంపిందా? ధరని మూడుతో భాగించి, అంతలో అది తయారవుతుందా అని ఒక్క క్షణం ఆలోచించండి. ఆరు నెలలన్నారంటే ఏడాదిన్నర అనుకోండి. ఒమన్‌కి పంపుతారా, కస్టమ్స్ ఎవరు కడతారు, కొరియర్‌కి పీఓ బాక్స్ కాకుండా ఇంటి గుర్తు ఎలా చెబుతారు, అన్నీ ముందే అడగండి. చివరిగా, ఆ డబ్బు పోయినా మీకు నిద్ర పడుతుందంటేనే కట్టండి. నా ప్రొజెక్టర్ డబ్బు పోయినా నేను నిద్రపోయాను. మావాడి గ్రాట్యుటీ పోతే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

మీలో ఎవరైనా ఇలా వస్తువు చేసి అమ్మినవాళ్లుంటే, గెలిచినా ఓడినా, వాయిస్ నోట్ పంపండి. ఓడిన కథలైతే మరీ మంచిది, అవే తక్కువ దొరుకుతాయి. పేరు చెప్పొద్దంటే చెప్పం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అన్నట్టు, మీ ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో ఓసారి చూసుకోండి.